అమ్మ ఇంట్లో అటక మీది సామాను ఏం చేయాలి?

ప్రశ్న: అమ్మని మా దగ్గరికి తెచ్చుకుంటున్నాం. అటక నిండా ఇత్తడి గుండిగలు, కంచు గిన్నెలు, ట్రంకు పెట్టెలో పట్టుచీరలు, కాగితాలు. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఏది తీసినా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ముందు కాగితాలు విడిగా తీసిపెట్టండి. పాత దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం ఒక్కటి కూడా పారేయకండి, రేపు ఇల్లు అమ్మాలన్నా లోను కావాలన్నా లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఇంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు) అడుగుతారు.

జవాబు 2: కంచుని ఇత్తడితో కలిపి తూకానికి వేయకండి, అందులో రాగితో పాటు తగరం ఉంటుంది, రేటు ఎక్కువ. పాత పట్టుచీరల్లో వెండి జరీ ఉందేమో చూపించండి, బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాళ్ల చేతిలో పెట్టేయకండి.

జవాబు 3: ఏది ఎవరికివ్వాలో అమ్మగారినే చెప్పమనండి. మా అత్తయ్య తను పులుసు కాచే రాచ్చిప్పని మేనకోడలికి ఇచ్చాక, మిగతావి తనే దగ్గరుండి దింపించారు. తొందరపెట్టకండి.