నాలుక కింద రాయి: కోసి తీయించుకోవాలా, కెమెరా పద్ధతి మేలా?

మూడు వారాలుగా భోజనానికి కూర్చుంటే చాలు, కుడి దవడ కింద ఉబ్బి సలుపుతోంది. గంటా గంటన్నరకు తగ్గుతుంది. స్కాన్‌లో నాలుక కింద లాలాజలం వచ్చే నాళంలో 6 మిల్లీమీటర్ల రాయి ఉందని తేలింది. వేలితో తడిమితే నాకే గట్టిగా తగులుతోంది.

నీళ్లు బాగా తాగాను, పుల్లటివి చప్పరించాను, డాక్టర్ చూపినట్టు గ్రంథిని వెనక నుంచి ముందుకు నిమిరాను. చిన్న రాళ్లయితే అలా వచ్చేస్తాయట, నాది కదల్లేదు. ఇప్పుడు నోటి లోపలే చిన్న కోత పెట్టి తీస్తామంటున్నారు. నాళంలోకి సన్నటి కెమెరా పంపి తీసే సియాలెండోస్కోపీ కూడా ఉందని చదివాను. గ్రంథినే తీసేయాల్సి వస్తుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది.

వీటిలో ఏదైనా చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి. తర్వాత నాలుకకు తిమ్మిరి మిగిలిందా? రాయి మళ్లీ వచ్చిందా? జ్వరం, చీము లేవు కాబట్టి వారం ఆగి చెప్పమన్నారు.