నెబ్రాస్కా కస్టర్ కౌంటీలో మావారి పూర్వీకుల వివరాలు ఎలా వెతకాలి?

ప్రశ్న:
మేం ఒమాహాలో ఉంటాం. మావారు ఇక్కడివారే. వాళ్ల నాన్నమ్మగారి తాత 1880ల్లో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి వచ్చి, కస్టర్ కౌంటీలో మట్టింట్లో కాపురం పెట్టాడట. ఆవిడ పోయారు, అడగడానికి పెద్దవాళ్లెవరూ లేరు. పిల్లలేమో ఆ కథంతా కావాలంటున్నారు. ఆ తాతగారి పిల్లలు పుట్టిన సర్టిఫికెట్ల కోసం రాస్తే అప్పటివి లేవన్నారు. 1890 జనాభా లెక్కల్లోనూ ఏమీ దొరకట్లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను?

జవాబు:
అక్కా, ఆ రెండూ వదిలేయండి. నెబ్రాస్కాలో జనన మరణాలను రాష్ట్రస్థాయిలో నమోదు చేయడం మొదలైందే 1904లో. 1890 లెక్కల కాగితాలు 1921 జనవరిలో వాషింగ్టన్‌లో నిప్పంటుకుని చాలావరకు పాడైపోయాయి, మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే తీసేసింది. అయితే నెబ్రాస్కాకు 1885లో విడిగా తీసిన లెక్కలున్నాయి. పూర్వీకుల రికార్డులుండే ఫ్యామిలీసెర్చ్ సైట్లో ఉచితంగా చూడొచ్చు.

నన్నడిగితే ముందు భూమి కాగితాలు పట్టుకోండి. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల ప్రభుత్వ భూమి తీసుకున్నవాళ్లు అయిదేళ్లు అక్కడే ఉండి, సాగుచేసి, సాక్షులతో రుజువు చేసుకుంటే పట్టా వచ్చేది. ల్యాండ్ మేనేజ్‌మెంట్ బ్యూరో వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్లో రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు ఇస్తే పట్టా కనిపిస్తుంది. అది ఒక్క పేజీయే. దాని మీదున్న ల్యాండ్ ఆఫీసు పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి ఎక్కడుందో చెప్పే సర్వే గుర్తులు (టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్) రాసి పెట్టుకోండి. అసలు సరుకంతా దాని వెనకున్న ఫైల్లో ఉంటుంది. ఇల్లు ఎప్పుడు కట్టాడు, ఎంత పొడవు వెడల్పు, ఎన్నెకరాలు దున్నాడు, పిల్లలెందరు అన్నీ ఆయన వాంగ్మూలంలోనే దొరుకుతాయి. విదేశంలో పుట్టినవాడు కాబట్టి పౌరసత్వ కాగితం నకలు కూడా అందులోనే ఉంటుంది. నెబ్రాస్కా ఫైళ్లను స్కాన్ చేసి ఫోల్డ్3 అనే సైట్లో పెట్టారు.

సాక్షుల పేర్లు మాత్రం వదలకండి. పక్క పొలాల వాళ్లే సాక్ష్యం చెప్పేవారు. వాళ్లలో బావమరిదో, సొంతూరి నుంచి కలిసొచ్చినవాడో ఉండే అవకాశం ఎక్కువ.

అడిగినవారు:
తమ్ముడూ, ఆ ఇంటిపేరుతో పట్టా రావట్లేదు.

జవాబు:
లెక్కలు రాసేవాళ్లు, గుమాస్తాలు చెక్ పేర్లను చెవికి వినబడినట్టు రాసేశారు. మొదటి రెండు మూడు అక్షరాలే ఇచ్చి చూడండి. 1885 లెక్కల్లో కుటుంబం దొరికితే ముందూ వెనకా పేజీల్లోని ఇరుగుపొరుగుల పట్టాలు వెతకండి, ఏ టౌన్‌షిప్పో తేలిపోతుంది. అప్పటికీ లేకపోతే ఆయన వేరేవాళ్ల దగ్గర కొనుక్కుని ఉండొచ్చు. అప్పుడు పట్టా ఆ భూమి అమ్మినవాడి పేరు మీద ఉండొచ్చు. మీకు కావలసిన అమ్మకం దస్తావేజు కౌంటీ కేంద్రమైన బ్రోకెన్ బోలో, కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర చూడాలి.

ఇంకొకరు:
కస్టర్ కౌంటీ అంటున్నారు కాబట్టి సోలమన్ బుచర్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు తప్పకుండా చూడండి! 1886 నుంచి ఆయన ఆ కౌంటీలో ఇంటింటికీ తిరిగి తీశాడు. గడ్డివేళ్లతో సహా కోసిన మట్టిపెళ్లలు పేర్చి కట్టిన గోడలు, వాటి ముందు కుర్చీల్లో కుటుంబం, పక్కన గుర్రాలు, ఆవులు. రాష్ట్ర చరిత్ర సంస్థ హిస్టరీ నెబ్రాస్కా దగ్గర వేలల్లో ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్లో కూడా పెట్టారు. ఇంటిపేరుతో వెతకండి. మీవాళ్లది లేకపోయినా సాక్షులవి ఉండొచ్చు.

అడిగినవారు:
మూడక్షరాలతో వెతికితే దొరికింది! ఇద్దరు సాక్షులూ చెక్ పేర్లవాళ్లే. ఆయన భార్య పుట్టింటి పేరు ఎలా తెలుస్తుంది?

జవాబు:
చాలా సంతోషం అక్కా. పెళ్లి ఇక్కడే జరిగుంటే కౌంటీలో లైసెన్సు రికార్డు ఉండాలి. సాధారణంగా అందులో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లూ రాస్తారు. లేదంటే ఆవిడ పోయినప్పుడు స్థానిక పత్రికలో వేసిన వార్త, సమాధి రాయి చూడాలి. 1904 తర్వాత పోయుంటే మరణ ధ్రువపత్రంలో తండ్రి పేరు కోసం చూడండి. ఒమాహా నుంచి బ్రోకెన్ బోకి మూడు గంటల పైనే. ఆ ఏళ్ల పుస్తకాలు కోర్టుహౌస్‌లోనే ఉన్నాయో లేదో ఫోన్లో కనుక్కున్నాకే బయల్దేరండి.