గోగునార కాగితంలో ఉండలు పోవాలంటే ఏం మార్చాలి?

చేత్తో కాగితం చేయడానికి గోగునార వాడుతున్నాను. 200 గ్రాముల ఎండు నారను సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి, రాత్రంతా నానబెట్టి, 40 గ్రాముల బట్టల సోడా కలిపిన నీళ్లలో 3 గంటలు ఉడికిస్తున్నాను. చేతికి జారుడు తగలనంతవరకు కడిగి, రోట్లో గంటసేపు దంచుతున్నాను.

గుజ్జు చూడటానికి మెత్తగానే ఉంటుంది. తొట్టి నీళ్లలో కలపగానే మాత్రం పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉండకడుతున్నాయి. ఆ నీళ్లలో ముంచిన జాలీ ఫ్రేము పైకెత్తితే కాగితం ఒకచోట మందంగా, ఆ పక్కనే జాలీ కనబడేంత పలచగా వస్తోంది. ఆరాక వెలుతురుకు పట్టి చూస్తే మబ్బులు మబ్బులుగా ఉంటుంది. పలచని చోట పెన్ను ఆనిస్తే చాలు, చిరుగుతోంది. పాత నోటుబుక్కుల గుజ్జుతో ఇదే ఫ్రేములో కాగితం చక్కగా వస్తుంది కాబట్టి లోపం ఫ్రేముది కాదు.

తొట్టిలో నీళ్లు రెట్టింపు చేశాను, ఉండలు తగ్గలేదు. బెండకాయ జిగురు కలిపితే కాస్త నయం, కానీ నీరు దిగడానికి చాలాసేపు పడుతోంది. మిక్సీలో వేస్తే నార బ్లేడుకు చుట్టుకుంటోంది. పాత కాగితం గుజ్జు కలపడం నాకిష్టం లేదు. పూర్తిగా నారతోనే, ఆ లేత గోధుమ రంగుతోనే రావాలి.

గోగు, జనుము, అరటి నారలతో కాగితం చేసినవాళ్లు దయచేసి చెప్పండి: ఉండలు పోవాలంటే నార ఇంకా ఉడకాలా, ఇంకా దంచాలా?