అప్పు చేసి బీఈడీ చదివితే ప్రైవేట్ స్కూల్ జీతంతో ఈఎంఐ తీరుతుందా?

మాది హనుమకొండ, బీఎస్సీ మ్యాథ్స్ అయింది. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో కన్వీనర్ (ప్రభుత్వ కోటా) సీటు రాలేదు, చేతిలో ఉన్నది మేనేజ్‌మెంట్ సీటే. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదు కాబట్టి రెండేళ్లకు పుస్తకాలు, బస్ పాస్‌తో సహా 2 లక్షల లోన్ కావాలి.

బ్యాంకులో వడ్డీ 11 శాతం అన్నారు, తాకట్టు అడగలేదు. కోర్సు రెండేళ్లు, ఆపై ఏడాది కిస్తీ కట్టక్కర్లేదు గానీ వడ్డీ ఎక్కుతూనే ఉంటుంది. మూడేళ్లకు అదే 66 వేలు. మొత్తం 2.66 లక్షలు ఐదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,800. గడువు ఏడేళ్లకు పెంచి చూశాను, 4,550కి దిగింది కానీ వడ్డీ ఇంకా పెరిగింది.

ఇక్కడి ప్రైవేట్ స్కూళ్లలో కనుక్కుంటే కొత్తవాళ్లకు 12 నుంచి 14 వేలట, వేసవి సెలవులకు జీతం లేదట. ఈ సంగతి ఏ ఈఎంఐ క్యాలిక్యులేటర్‌కు తెలుసు!

డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) కొడితే టెన్షనే లేదు, 2020 పీఆర్‌సీలో (వేతన సవరణలో) స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్ టీచర్ మూల వేతనమే 42,300. కానీ 2023 సుప్రీంకోర్టు తీర్పుతో బీఈడీ వాళ్లకు ఎస్‌జీటీ (ప్రాథమిక పాఠశాల టీచర్) పోస్టులు పోయాయి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే స్కూల్ అసిస్టెంట్‌వి 2,629, అవీ అన్ని సబ్జెక్టులు, అన్ని జిల్లాలు కలిపి. దాన్ని నమ్ముకుని అప్పు చేయలేను.

సీనియర్లలో ఒకరు ట్యూషన్లతో నెట్టుకురావచ్చంటారు, ఇంకొకరు ఏడాది ఆగి మళ్లీ ఎడ్‌సెట్ రాయమంటారు.

అన్నలూ అక్కలూ, లోన్‌తో బీఈడీ చేసి వరంగల్, కరీంనగర్ వైపు ప్రైవేట్ స్కూల్లో చేరినవాళ్లు చెప్పండి: మొదటి రెండేళ్లు ఇంట్లో అడగకుండా మీ జీతంతోనే కిస్తీ కట్టగలిగారా?