ఆదివారం డ్యూటీకి వెళ్తే దేవుణ్ణి రెండో స్థానంలో పెట్టినట్టేనా?

ఈసీఐఎల్ సిస్టర్ (సోమవారం, రాత్రి 10:15)

అందరికీ వందనాలు. చాలా రోజులుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్న సంగతి రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని. మాకు నెలకి ఒక్క ఆదివారం ఆఫ్ దొరికితే గొప్ప. గత నెల ఆ ఒక్కటి కూడా నేనే వదులుకున్నాను. మా యూనిట్‌లో నాతో పాటు చేసే అమ్మాయిది సికింద్రాబాద్. లష్కర్ బోనాల రోజు తను ఇంట్లో లేకపోతే కుదరదు. క్రిస్మస్ రోజు నా డ్యూటీ మూడేళ్ళుగా తనే చేస్తోంది. అడగ్గానే సరే అన్నాను.

ఈ సంగతి సంఘంలో తెలిసింది. ఒక పెద్దమ్మగారు నలుగురిలో అడిగారు: "ఉద్యోగం దేవుడి కంటే ఎక్కువైపోయిందా తల్లీ? అదీ వాళ్ళ పండగ కోసమా?" నాకు నోట మాట రాలేదు. తర్వాతి వారం ప్రసంగంలో మత్తయి 6:33 చదివారు, "ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి" అని. నాకోసమే చదివినట్టు అనిపించి తల దించుకుని కూర్చున్నాను.

ఆ బోనాల ఆదివారం పదకొండు గంటలకి, అక్కడ ఆరాధన జరిగే టైముకి, నేనేం చేస్తున్నానో చెప్తాను. ఏడో బెడ్ తాతగారికి పక్షవాతం. వెంటిలేటర్ మీద ఉన్నారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుము కింద పుండు పడుతుంది. నేనూ ఆయమ్మా చెరోవైపు దుప్పటి అంచు పట్టుకుని ఎడమవైపుకి తిప్పాం. ట్యూబ్ లాగకుండా ఒక చేత్తో పట్టుకున్నాను. వీపు తుడిచి, ఎర్రబడిన చోటు చూసి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టాను. ఆయన కుడి చెయ్యి కదలదు. ఎడమ చేత్తో నా వేలు పట్టుకుని వదల్లేదు. అక్కడే నిలబడి లోపల ప్రార్థన చేసుకున్నాను.

దాన్ని ఆరాధన అనొచ్చా? లేక నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నానా? నన్ను ఓదార్చడానికి రాయొద్దు. వాక్యం ఏం చెబుతుందో అది చెప్పండి.

ముషీరాబాద్ పెద్దన్న (సోమవారం, రాత్రి 11:02)

వందనాలు చెల్లెమ్మా. ఓదార్చొద్దన్నావు కాబట్టి నిక్కచ్చిగానే రాస్తాను.

ఆ పెద్దమ్మగారు నలుగురిలో అడగడం తప్పు. ఒంటరిగా పిలిచి అడగాల్సిన మాట అది. కానీ అడిగిన మాటలో బొత్తిగా అర్థం లేదని మాత్రం అనలేను. హెబ్రీ 10:25 "సమాజముగా కూడుట మానక" అంటుంది. అదే వచనంలో "కొందరు మానుకొనుచున్నట్టుగా" అని కూడా ఉంది. అంటే మానేసేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు, వాళ్ళకీ కారణాలు ఉండే ఉంటాయి.

నేను పెరిగింది గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో, హెబ్రోను ప్రార్థనా మందిరం దగ్గర. సువార్తికుడు భక్త సింగ్ గారు 1950 నుంచి అక్కడే ఉండి పరిచర్య చేశారు. ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగేది. అయ్యాక అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ప్రేమవిందు. మా నాన్నగారు రోజు కూలీ. ఆదివారం పనికి వెళ్తే దొరికే కూలిని వదులుకుని ఆ పంక్తిలో కూర్చునేవారు. అది మా ఇంట్లో బియ్యం లెక్క మార్చే డబ్బు. అమ్మ ఒక్కసారి కూడా గొణగలేదు.

1924 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున పరుగెత్తిన ఎరిక్ లిడెల్ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆయన అసలు పరుగు 100 మీటర్లు. హీట్స్, అంటే తొలి రౌండు పరుగులు, ఆదివారం పడ్డాయని పరుగెత్తనన్నారు. దేశం అడిగినా వినలేదు. తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం గెలిచారు.

నాకు తెలిసిన ఏ కుటుంబమూ ఒక్క రోజులో సంఘం మానేయలేదు. ఒక వారం ఓవర్‌టైమ్, ఇంకో వారం గృహప్రవేశం, తర్వాత పిల్లల ట్యూషన్. మూడేళ్ళు గడిచేసరికి బైబిల్ మీద దుమ్ము. నీ విషయంలో నా భయం అదొక్కటే.

మౌలాలి 17 (మంగళవారం, ఉదయం 6:40)

అసలు విశ్రాంతి దినం శనివారం కదా? నిర్గమ 20 ఏడవ దినము అంటోంది. ఆదివారం గురించి ఇంత పోట్లాట దేనికి?

తార్నాక మాస్టారు (మంగళవారం, ఉదయం 8:20)

మౌలాలి గారూ, అది వేరే పెద్ద చర్చ. రోమా 14లో పౌలు ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ప్రతివాడూ తన మనసులో రూఢిపరచుకోవాలి అంటాడు. ఇక్కడికి అది చాలు.

పెద్దన్నగారూ, మీ నాన్నగారికి నమస్కారం. అయితే ఆదివారం సెలవు అనేది మొదటి క్రైస్తవులకి లేనే లేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆ ఆజ్ఞ ఇచ్చింది క్రీ.శ. 321లో, అందులోనూ రైతులకి పని చేసుకునే వీలు ఇచ్చాడు. అంతకు ముందు దాదాపు మూడు వందల ఏళ్ళు ఆదివారం అంటే మామూలు పనిదినం. దాసులు యజమాని పని చేయాల్సిందే. మరి ఎప్పుడు కూడుకునేవారు? అపొస్తలుల కార్యములు 20లో త్రోయలో కూడిక రాత్రిపూట జరిగింది, పౌలు మాటలు అర్ధరాత్రి దాకా సాగాయి, ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చుని నిద్ర ఆపుకోలేక కింద పడ్డాడు. పగలంతా కష్టపడి వచ్చాడేమో అనుకుంటాను నేను.

క్రీ.శ. 112 ప్రాంతంలో రోమా రాష్ట్రమైన బితూనియ అధిపతి ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన లేఖ ఒకటి మిగిలింది. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడి క్రీస్తుకి కీర్తన పాడతారని, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని ఒట్టు పెట్టుకుంటారని, విడిపోయి మళ్ళీ భోజనానికి కలుస్తారని అందులో ఉంది. ఈ సంగతులు నిజమో కాదో తేల్చుకోవడానికి ఇద్దరు దాసీలని చిత్రహింస పెట్టానని కూడా రాశాడు. ఆ దాసీలని సంఘం ఏమని పిలిచేదో కూడా చెప్పాడు. ఆ లాటిన్ మాటకి మన తెలుగులో పరిచారికలు అని అర్థం. నర్సుకి మన పాత మాట కూడా అదే కదా.

లిడెల్ కథలో రెండో భాగం కూడా చెప్పుకోవాలి. తర్వాత ఆయన చైనాలో మిషనరీ. యుద్ధకాలంలో జపాన్ వాళ్ళ నిర్బంధ శిబిరంలో ఉండి 1945లో అక్కడే చనిపోయారు. శిబిరంలో పిల్లలు ఆదివారం హాకీ ఆడి, చూసే పెద్దవాళ్ళు లేక కొట్టుకున్నారు. అప్పుడు ఆ లిడెలే ఆదివారం పూట రెఫరీగా నిలబడ్డారు. పతకం కోసం ఇవ్వని ఆదివారం పిల్లల కోసం ఇచ్చారు.

ఉప్పల్ క్యాబ్ (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

నేను కువైట్‌లో పదకొండేళ్ళు డ్రైవర్‌గా చేసి వచ్చాను. అక్కడ సెలవు శుక్రవారం. మన తెలుగు సంఘాలు శుక్రవారమే ఆరాధన చేస్తాయి. చర్చి కాంపౌండ్ ఒకటే. తమిళం వాళ్ళు, మలయాళం వాళ్ళు, తెలుగువాళ్ళు గంటల లెక్కన వంతులు వేసుకుంటారు. ఒకరు పాట ముగించేలోపు ఇంకొకరు బయట చెప్పులు విడుస్తుంటారు. శుక్రవారం ఆరాధించానని మన దేశంలో ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. ఇక్కడ చెల్లి బుధవారం ప్రార్థన చేసుకుంటే మాత్రం తక్కువా?

ఇళ్ళల్లో పనికి వచ్చిన మన కడప, గోదావరి ఆడవాళ్ళకి ఆ శుక్రవారం కూడా ఉండేది కాదు. ఒకామె రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మొదటి పాట నుంచి చివరి దాకా ఏడుస్తూనే ఉండేది. ఆమెకి దేవుడు రెండో స్థానంలో ఉన్నాడని నేనైతే అనలేను.

ముషీరాబాద్ పెద్దన్న (మంగళవారం, సాయంత్రం 7:30)

మాస్టారి మాటలు కాదనను. ఒకటి గమనించండి. ఆ దాసులు సెలవు లేకపోయినా కూడుకున్నారు. తెల్లవారక ముందే లేచారు. నేనడిగేది సెలవు గురించి కాదు, కూడుకోవడం గురించి. బెడ్ దగ్గర ఒంటరిగా చేసిన ప్రార్థన దేవుడు వింటాడు, సందేహం లేదు. కానీ రొట్టె ఒంటరిగా విరుచుకోలేం. చెల్లెమ్మ ప్రభువు బల్ల, అంటే సంఘంతో కలిసి రొట్టె, ద్రాక్షారసం, తీసుకుని ఎన్ని నెలలైంది?

రామంతాపూర్ రైడర్ (మంగళవారం, రాత్రి 11:48)

అందరికీ నమస్తే. నేను పెద్దగా చదువుకోలేదు. బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు. యాప్‌లో ఫుడ్ డెలివరీ చేస్తా. ఆదివారం పన్నెండున్నర నుంచి మూడు దాకా మాకు బాగా గిరాకీ. అప్పుడు లాగిన్‌లో లేకపోతే నా వారం ఇన్సెంటివ్ పోతుంది. ఇంటి కిరాయి అందులోంచే కడతా. అందుకని ఆరాధన మధ్యలోనే లేచి వచ్చేస్తా. అందరూ తిరిగి చూస్తారు.

మొన్న ఆదివారం హబ్సిగూడలో ఒక ఇంటికి బిర్యానీ తీసుకెళ్ళా. మూడో అంతస్తు, లిఫ్ట్ పని చెయ్యట్లేదు. తలుపు మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని పలక ఉంది. చూసి సంతోషమైంది. సారు తెల్ల బట్టల్లో ఉన్నారు, చంకలో బైబిల్ ఇంకా అలాగే ఉంది, అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. "థాంక్యూ తమ్ముడూ, దేవుడు దీవించును గాక" అన్నారు. మంచిగా అన్నారు, ఆయన మీద నాకు కోపం లేదు.

కానీ మెట్లు దిగుతుంటే ఒకటి తట్టింది. నిర్గమ 20:10లో నువ్వు పని చేయకు అని ఒక్క మాటతో ఆపలేదు. కొడుకు, కూతురు, "నీ దాసుడైనను నీ దాసియైనను", పశువులు, నీ ఇళ్ళలో ఉన్న పరదేశి, అందర్నీ పేరు పేరునా చెప్పాడు దేవుడు. ద్వితీయోపదేశకాండము 5లో కారణం కూడా ఉంది: నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావు, మర్చిపోకు అని. మరి ఆదివారం మధ్యాహ్నం నేను ఎవరి లెక్కలోకి వస్తా? ఆరాధన మానొద్దని నాకు చెప్తారు, ఆర్డర్ కూడా వాళ్ళే పెడతారు. ఎవరినీ అనడం లేదు, నాకు నిజంగా అర్థం కాక అడుగుతున్నా.

ఈసీఐఎల్ సిస్టర్ (బుధవారం, ఉదయం 5:50)

తమ్ముడూ, నైట్ డ్యూటీలో బ్రేక్‌లో నీ మాటలు చదివాను. తర్వాత పనిలో మనసు నిలవలేదు.

నా ఆదివారం పోయిందని ఇంత బాధపడ్డాను. తాతగారిని నాతో పాటు తిప్పిన ఆయమ్మ పేరు నాకు తెలుసు, ఊరు తెలుసు, కాంట్రాక్ట్ అని తెలుసు. ఆమెకి ఆఫ్ ఏ రోజో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇవాళ అడిగాను. రానిరోజు జీతం కోసేస్తారట, అందుకని రోజూ వస్తోంది. ఇంకో సంగతి. నాకు ఆదివారం ఆఫ్ దొరికి చర్చికి వెళ్ళిన రోజు మా ఇంట్లో గిన్నెలు తోమేది పనమ్మే. ఇంటికొచ్చేసరికి వంటిల్లు మెరుస్తుంటే స్తోత్రం చెప్పుకునేదాన్ని.

వచ్చే వారం నుంచి ఆమెని ఆదివారం రావొద్దన్నాను, జీతం తగ్గించనని కూడా చెప్పాను. ఆయమ్మ విషయం నా చేతిలో లేదు. మా ఇన్‌ఛార్జి సిస్టర్‌తో మాట్లాడతాను.

పెద్దన్నగారూ, బల్ల తీసుకుని ఐదు నెలలైంది. మీరు అడిగిన తర్వాతే లెక్కపెట్టుకున్నాను.

ముషీరాబాద్ పెద్దన్న (బుధవారం, రాత్రి 9:10)

రైడర్ తమ్ముడూ, నాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. నలభై ఏళ్ళుగా ఆదివారం షట్టర్ ఎత్తలేదని సాక్ష్యం చెప్పుకుంటాను. నువ్వు రాసింది చదివాక, ఆరాధన అయ్యాక మనవళ్ళు అడుగుతారని ఫోన్‌లో ఆర్డర్ పెట్టేది నేనే అని గుర్తొచ్చింది. ఈ ఆదివారం ఆ ఫోన్ తియ్యను. కానీ నీ కిరాయి ఆ ఆర్డర్ల మీదే ఉందంటున్నావు. నేనొక్కణ్ణి మానితే నీకు మేలా, కీడా అనేది నాకింకా తేలలేదు. నువ్వు మా ఇంటికి భోజనానికి రా, కూర్చుని మాట్లాడుకుందాం.

కూడుకోవాలన్న నా మాట మాత్రం మారదు. అయితే కూడుకునే భారమంతా డ్యూటీ చేసేవాళ్ళ నెత్తిన పెట్టాం. సంఘం వాళ్ళ దగ్గరికి ఎందుకు వెళ్ళకూడదు? మంచం పట్టినవాళ్ళ ఇంటికి రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్తున్నాం కదా. మా పెద్దలతో మాట్లాడాను, ఇద్దరు ఒప్పుకున్నారు, ఒకరు ఆలోచిస్తానన్నారు. చెల్లెమ్మా, నీకు ఈ వారం ఆఫ్ ఏ రోజు?

ఈసీఐఎల్ సిస్టర్ (బుధవారం, రాత్రి 9:32)

శుక్రవారం అన్నగారూ. సాయంత్రం ఆరు దాటాక అయితే మంచిది, పగలు పడుకుంటాను. మా ఆయమ్మ కూడా విశ్వాసే. తనకి ఆ రోజు ఐదింటికి డ్యూటీ దిగుతుంది. తనని కూడా రమ్మననా?