అప్‌డేట్: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ తర్వాత మీట్ రాయాలా, మీటింగా?

మెయిల్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అనాలా, ‘మీటింగ్ యూ’ అనాలా అని అడిగాను కదా. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్. మీటింగే సరైనది.

ఇందులో ఫార్వర్డ్ క్రియావిశేషణం, టు ప్రిపోజిషన్. ఇది చాలామంది చెప్పారు కానీ, నాకు విషయం తేలింది మాత్రం టు తర్వాత ‘ఇట్’ పెట్టి చూడమన్న సలహాతో. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదురుతోంది, కాబట్టి ఐఎన్‌జీ రూపమే రావాలి. ‘గెట్ రౌండ్ టు’ కూడా అంతే. ‘ఐ యూజ్డ్ టు లివ్ హియర్’లో ఇట్ కుదరదు, అందుకే లివ్. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఇట్’ కుదురుతుంది, అందుకే అక్కడ లివింగ్. టు కనబడగానే వీ1 (మీట్, లివ్ లాంటి క్రియ మూలరూపం) వేసేసే బడి అలవాటుకు ఇదే మందు!

బ్రిటిష్, అమెరికన్ తేడా ఏమో అన్న అనుమానానికి దీనితో సంబంధం లేదు. రెండింట్లోనూ ఇదే పద్ధతి.