మూడు రోజుల వర్క్‌షాప్ సరిపోతుందా, ఫెలోషిప్‌కి వెళ్ళాలా?

ప్రకాశం డాక్టరమ్మ:
ఎంఎస్ గైనిక్ అయి ఆరేళ్ళు. ప్రభుత్వాసుపత్రిలో పని. పోయిన వారం మిరపకోతలకు వెళ్ళే ఒకావిడ వచ్చి, "మీరు తీసేసిన గర్భసంచి మళ్ళీ జారిందమ్మా" అంది. నవ్వొచ్చింది. టేబుల్ మీద చూశాక ఆ నవ్వు పోయింది. వాల్ట్ ప్రొలాప్స్, అంటే సంచి తీశాక మిగిలిన యోని పైకొస కిందికి జారడం. రెండేళ్ళ కిందట కింది దారిన, అంటే యోని గుండా, సంచి తీసింది నేనే. ఇప్పుడు సాక్రోస్పైనస్ ఫిక్సేషన్ చెయ్యాలి, అంటే ఆ జారిన కొసని కటి లోపలి గట్టి లిగమెంటుకి కుట్టాలి. పీజీలో దాన్ని రెండుసార్లు చూశాను, అదీ మేడమ్ భుజం వెనక నుంచి. ఇలాంటి జారుళ్ళు, ఆడవాళ్ళ మూత్ర సమస్యలు చూసే యూరోగైనకాలజీ సరిగ్గా నేర్చుకోవాలని ఉంది. ఫెలోషిప్ అంటే జీతం పోతుంది, బాబేమో మూడో తరగతి. ఏం చెయ్యమంటారు?

రిటైరైన గైనిక్ ప్రొఫెసర్:
అమ్మాయ్, సంచి తీసేస్తే జారుడు తగ్గుతుందని మనం చాలాకాలం నమ్మాం. సాగిపోయింది దాన్ని పట్టుకున్న లిగమెంట్లు. తీశాక వాల్ట్‌ని యూటిరోసాక్రల్ లిగమెంట్లకి కట్టావా? కట్టినా మళ్ళీ జారొచ్చు, బరువులెత్తే మనిషి కదా. కుమిలిపోకు.

వర్క్‌షాప్‌లో స్క్రీన్ మీద అంతా సులువే. సాక్రోస్పైనస్‌లో కుట్టు పడేది వేలికి మాత్రమే తెలిసే చోట. ఇషియల్ స్పైన్ అనే ఎముక మొన వెనకే ప్యుడెండల్ నరం, రక్తనాళాలు. రెండు వేళ్ళ ఎడం లోపలికి జరిగి వెయ్యాలి. నీ వేలి పక్కన గురువు వేలు ఉండాలి. చేరేముందు ఒక్కటే అడుగు: నా చేత్తో ఎన్ని చేయిస్తారు? సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి కెమెరాతో చూడటం) నీ చేత చేయించని చోటికి వెళ్ళకు. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం, యూరెటర్, మెలిక పడితే అక్కడే తెలియాలి.

డాలస్ యూరోగైనిక్:
ఇక్కడ యూరోగైనకాలజీని సబ్‌స్పెషాలిటీగా గుర్తించిందే 2011లో. తొలి బోర్డు పరీక్ష 2013లో. గైనిక్ రెసిడెన్సీ తర్వాత ఇంకో మూడేళ్ళు. మీరిక్కడికి రావాలంటే రెసిడెన్సీ మళ్ళీ మొదటి నుంచి, అందుకే రమ్మనను. ఇంకోటి, మెష్ (జారినదాన్ని పట్టి ఉంచే వల) కిట్లు అమ్మేవాళ్ళు పెట్టే ట్రైనింగ్‌తో జాగ్రత్త. ప్రొలాప్స్‌కి కింది దారిన పెట్టే మెష్ అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో మందులు, పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ ఇక్కడ ఆపించింది. పొట్ట దారిన, యోని కొసని వెన్ను కింది ఎముకకి కట్టే సాక్రోకాల్పోపెక్సీ మెష్ వేరు, అది ఇప్పటికీ వాడుతున్నాం.

రిటైరైన గైనిక్ ప్రొఫెసర్:
అవునమ్మా, మరిచాను. ఆపరేషన్‌కి ముందు జారుడు ఎంతో సెంటీమీటర్లలో చెప్పే పాప్-క్యూ కొలతలు రాశావా? తొమ్మిది అంకెలు. అవి లేకపోతే అప్పుడెంత, ఇప్పుడెంత అన్నది పోల్చలేవు.

ప్రకాశం డాక్టరమ్మ:
పాత కేస్ షీట్ తీయించాను మేడమ్. నా చేతిరాతే. "థర్డ్ డిగ్రీ ప్రొలాప్స్" అని మూడు ముక్కలు, అంతే. ఇవాళ ఓపీకి బాబు స్కేలు పట్టుకొచ్చి, స్పాచులా మీద సెంటీమీటర్లు గీశాను.